పదహారు సెకన్ల కెరటం



పశ్చిమ ఆస్ట్రేలియాలో మార్గరెట్ రివర్ దగ్గర సముద్రం ఎలా ఉందో చెప్పే సూచన ఎప్పుడు చూసినా అందులో మూడు సంగతులుంటాయి. అల ఎత్తు ఎంత, ఏ దిక్కు నుంచి వస్తోంది, ఒక అల వెళ్ళాక రెండో అల రావడానికి ఎంతసేపు పడుతోంది. చలికాలంలో ఒక మామూలు రోజున అవి 3 మీటర్లు, నైరుతి, 16 సెకన్లు అని ఉండొచ్చు. సెలవులకి అటు వెళ్ళే మనవాళ్ళు చాలామంది మొదటి అంకె చూసి ఊరుకుంటారు. మబ్బు లేదు, గాలి లేదు, 3 మీటర్లేగా అనుకుని బయల్దేరతారు. ఇవాళ నేను ఆ మూడో అంకె గురించి మాట్లాడతాను. అల ఎంత దూరం నుంచి వచ్చిందో, ఎంత బలం మోసుకొచ్చిందో చెప్పేది అదే. ఈ తీరాన అడుగుపెట్టే ప్రతి తెలుగు కుటుంబానికీ ఆ అంకె చదవడం తెలిసి ఉండాలని నా గట్టి కోరిక.

ముందు ఆ చోటు ఎలాంటిదో చెప్పాలి. పెర్త్ నుంచి దక్షిణానికి దాదాపు 270 కిలోమీటర్లు, కారులో మూడు గంటల ప్రయాణం. ఆస్ట్రేలియా ఖండానికి అది నైరుతి మూల. ఉత్తరాన కేప్ నాచురలిస్ట్, దక్షిణాన కేప్ లూవిన్, ఈ రెండు కొనల మధ్య సుమారు 100 కిలోమీటర్ల పడమటి తీరం. నూంగర్ ప్రజల్లో వాడాండి వారిది ఈ నేల. తమని తాము ఉప్పునీటి మనుషులమని చెప్పుకుంటారు వాళ్ళు. ఊరు కాస్త లోపలికి ఉంటుంది. సముద్రం చూడాలంటే ప్రెవెల్లీ అనే చిన్న పల్లె దాకా వెళ్ళాలి. రెండో ప్రపంచ యుద్ధంలో క్రీట్ దీవిలో చిక్కుకుపోయిన జెఫ్ ఎడ్వర్డ్స్ అనే ఆస్ట్రేలియన్ సైనికుడికి అక్కడి ప్రెవెలీ మఠం ఆశ్రయమిచ్చింది. తిరిగొచ్చాక ఆయన ఇక్కడి భూమికి ఆ మఠం పేరు పెట్టి, ఒక చిన్న ప్రార్థనా మందిరం కూడా కట్టించాడు. ఆ పల్లె పక్కనే సర్ఫర్స్ పాయింట్ ఉంది. పైన కార్లు ఆపుకునే చోటు నుంచి చూస్తే, ఎదురుగా నీళ్ళ మధ్యలో తెల్లగా విరిగే కెరటాన్ని మెయిన్ బ్రేక్ అంటారు.

అక్కడ నిలబడి ఒక్కసారి మ్యాపు గుర్తు తెచ్చుకోండి. అక్కణ్ణించి సూటిగా పడమటికి వెళితే ఆఫ్రికా దాకా నేల తగలదు. నైరుతికి వెళితే కెర్గులెన్, హెర్డ్ వంటి ఒంటరి దీవులు, ఆ తర్వాత అంటార్కిటికా మంచు. మధ్యలో అలని ఆపేది ఏదీ లేదు. తెరిపి తీరం అంటే అది. ఈ తీరాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు అటు, ఆ దక్షిణ సముద్రంలోకి వెళ్ళాలి.

దక్షిణ అక్షాంశాల్లో 40 దాటాక భూగోళం చుట్టూ గాలికి అడ్డుపడే ఖండాలు దాదాపు లేవు. నావికులు రోరింగ్ ఫార్టీస్ అని పేరు పెట్టిన పడమటి గాలులు అక్కడ ఏడాది పొడవునా వీస్తాయి. ఆ గాలుల్లో ఒకదాని వెనక ఒకటిగా అల్పపీడనాలు తూర్పుకి జరుగుతుంటాయి. అల ఎంత పెద్దదవుతుందనేది మూడు విషయాల మీద ఆధారపడుతుంది. గాలి ఎంత జోరుగా వీచింది, ఎంతసేపు వీచింది, ఎంత దూరం పొడవునా నీటి మీద వీచింది. దక్షిణ సముద్రంలో ఈ మూడూ పుష్కలం. అక్కడి తుపాను కింద ఉన్నప్పుడు సముద్రానికి ఒక పద్ధతంటూ ఉండదు. పొట్టి అలలు, పొడుగు అలలు, అడ్డదిడ్డంగా కలిసిపోయి ఉంటాయి. తుపానుని దాటి బయటికి వచ్చాక అవి విడిపోవడం మొదలుపెడతాయి. గాలి సాయం లేకుండా, తమ ఊపు మీద తాము సాగిపోయే ఆ అలల్నే స్వెల్ అంటారు.

విడిపోవడానికి కారణం వేగం. లోతు నీటిలో అల పొడుగు ఎంత ఎక్కువైతే, అంటే అలకీ అలకీ మధ్య సెకన్లు ఎంత ఎక్కువైతే, అంత వేగంగా పోతుంది. మారథాన్‌లో అందరూ ఒకే గీత దగ్గర, ఒకే గుంపుగా బయల్దేరినా, ఊరు దాటేసరికి గట్టివాళ్ళు ముందుకి, మిగిలినవాళ్ళు వెనక్కి సాగిపోయినట్టే ఇదీ. లెక్క చాలా సులువు. సెకన్ల అంకెను 2.8తో గుణిస్తే ఆ అలల దండు గంటకి ఎన్ని కిలోమీటర్లు ప్రయాణిస్తుందో వస్తుంది. 20 సెకన్ల స్వెల్ గంటకి 56 కిలోమీటర్లు. 16 సెకన్లది 45. 12 సెకన్లది 34. దండులో ఒక్కొక్క అల శిఖరం ఇంతకి రెట్టింపు వేగంతో వెనక నుంచి ముందుకి పరిగెత్తి, దండు ముందు భాగానికి చేరగానే మాయమవుతుంది. వెనక కొత్త శిఖరం లేస్తుంది. నీళ్ళు మాత్రం దాదాపు ఉన్నచోటనే గుండ్రంగా తిరుగుతాయి. వేల కిలోమీటర్లు నడిచి వచ్చేది శక్తి.

ఇప్పుడు కెర్గులెన్ దీవుల దగ్గర ఒక ఆదివారం పొద్దున పెద్ద తుపాను లేచిందనుకోండి. అక్కణ్ణించి మార్గరెట్ రివర్‌కి సుమారు 4000 కిలోమీటర్లు. 20 సెకన్ల అలలు బుధవారం పొద్దున్నే తీరానికి చేరతాయి. ఎత్తు పెద్దగా ఉండదు. కొత్తవాళ్ళ కంటికి సముద్రం ప్రశాంతంగానే కనిపిస్తుంది. తెలిసినవాళ్ళు మాత్రం ఆ మధ్యమధ్య వచ్చే నెమ్మదైన, బరువైన ఊపుని గుర్తుపడతారు. ఆ రాత్రి 16 సెకన్ల అలలు వస్తాయి. అసలు బలం వాటిది. గురువారమంతా సముద్రం ఉగ్రంగా ఉంటుంది. శుక్రవారానికి 12 సెకన్లవి వచ్చి, క్రమంగా తగ్గుముఖం పడుతుంది. అంటే సెకన్ల అంకె రోజురోజుకీ ఎలా తగ్గుతోందో చూస్తే, తుపాను ఎంత దూరంలో, ఏ రోజున పుట్టిందో వెనక్కి లెక్కగట్టొచ్చు.

ఈ లెక్కని లోకానికి రుజువు చేసి చూపించినవాళ్ళలో పెద్ద పేరు వాల్టర్ మంక్. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుల్ని పడవల్లో ఒడ్డుకి దింపడానికి ఏ రోజు అలలు అనుకూలిస్తాయో ముందుగా చెప్పే పద్ధతిని, తన గురువు హెరాల్డ్ స్వెర్‌డ్రప్‌తో కలిసి తయారుచేశాడు. 1963లో న్యూజిలాండ్ నుంచి అలాస్కా వరకు పసిఫిక్ మహాసముద్రం పొడవునా పరికరాలు పెట్టించి, దక్షిణ సముద్రపు తుపాన్లలో పుట్టిన అలలు 10,000 కిలోమీటర్లకి పైగా ప్రయాణించి ఉత్తరాన అలాస్కా ఒడ్డున విరగడం కొలిచి చూపించాడు. మనం ఇవాళ ఫోనులో చూసే ప్రతి సర్ఫ్ సూచన వెనకా ఆ పని ఉంది. 101 ఏళ్ళు బతికి 2019లో కన్నుమూసిన ఆ మనిషి పేరు మన పిల్లల సైన్సు పుస్తకాల్లో ఉండాల్సింది.

ఇక ఆ 16 సెకన్ల అల ఒడ్డుకి వచ్చాక ఏమవుతుందో చూద్దాం. లోతు సముద్రంలో దాని పొడవు, అంటే ఒక శిఖరం నుంచి తర్వాతి శిఖరానికి దూరం, 400 మీటర్లు. 8 సెకన్ల అలకి అది 100 మీటర్లే. అల తన పొడవులో సగం లోతు దాకా నీటిని కదిలిస్తుంది. కాబట్టి 8 సెకన్ల అల 50 మీటర్ల లోతుకి వచ్చేదాకా అడుగుని తాకదు. 16 సెకన్లది 200 మీటర్ల లోతులోనే అడుగుని పసిగడుతుంది. అక్కణ్ణించి వేగం తగ్గుతుంది, పొడవు కుంచించుకుంటుంది, ఎత్తు పెరుగుతుంది. మెరక ఉన్న వైపుకి ఒంగి, తన శక్తినంతా అటు పోగేసుకుంటుంది. సముద్రంలో 3 మీటర్లున్న అల 8 సెకన్లదైతే విరిగేటప్పుడు మూడున్నర మీటర్ల లోపు ఉండొచ్చు. అదే 3 మీటర్లు 16 సెకన్లదైతే నాలుగున్నర మీటర్ల గోడవుతుంది. మోసుకొచ్చే శక్తి అయితే సరిగ్గా రెట్టింపు. ఎత్తు 2 మీటర్లకి తగ్గినా 16 సెకన్లుంటే, దాని బలం ఇంచుమించు 3 మీటర్ల 8 సెకన్ల అలకి సమానం. అందుకే చెబుతున్నాను, మొదటి అంకె ఒక్కటీ చూసి నిర్ణయించుకోవద్దని.

ఆ ఎత్తు అంకెలో ఇంకో సంగతి కూడా ఉంది. సూచనలో చెప్పేది అన్నిటికంటే పెద్ద అల ఎత్తు కాదు. వచ్చే అలల్లో పెద్దవైన మూడో వంతు తీసుకుని, వాటి సగటు చెబుతారు. ఆ సగటుకి రెట్టింపు ఎత్తున్న అల అప్పుడప్పుడూ వస్తుంది. ఆస్ట్రేలియా వాతావరణ శాఖ తన సముద్ర సూచనల్లో ఈ మాట ప్రతిసారీ రాస్తుంది. ప్రతిసారీ రాయడం వల్లనేమో, ఎవరూ చదవరు.

మెయిన్ బ్రేక్ దగ్గర అడుగున ఉన్నది ఇసుక కాదు, రాయి. మార్గరెట్ రివర్‌కి వెళ్ళినవాళ్ళు మామత్ కేవ్, లేక్ కేవ్, జ్యువెల్ కేవ్ చూసే ఉంటారు. ఆ గుహలున్న సున్నపురాయీ, సముద్రంలో ఈ రీఫ్‌గా ఉన్న రాయీ ఒక్క జాతివే. గవ్వల పొడితో నిండిన పాతకాలపు ఇసుక దిబ్బలు గట్టిపడి రాయి అయ్యాయి. ఇసుక తీరాల్లో ప్రతి పెద్ద గాలికీ అడుగు మారిపోతుంది, కెరటం విరిగే చోటు కూడా మారిపోతుంది. రీఫ్ మీద అలా ఉండదు. అదే రాయి, అదే మలుపు, ఏళ్ళ తరబడి అదే చోట విరగడం. అలకి ముందు లోతైన నీళ్ళు, ఆ వెంటనే రాతి మెరక. అల తన ఎత్తుకి కాస్త ఎక్కువ లోతుకి రాగానే కింది భాగం ఆగిపోతుంది, పై భాగం ముందుకి ఒరిగి పడిపోతుంది. మెయిన్ బ్రేక్ ముఖ్యంగా ఎడమకి విరిగే కెరటం. సర్ఫర్ ఆ గోడ వెంట జారుతూ లోతు కాలువ వైపు వచ్చి బయటపడాలి. రీఫ్ మీద పడ్డ నీళ్ళన్నీ తిరిగి సముద్రంలోకి పోయే దారి కూడా ఆ కాలువే. కాలువ తెలిసినవాళ్ళకి అది లోపలికి వెళ్ళే బాట. తెలియనివాళ్ళని లాక్కుపోయేదీ అదే.

ఒడ్డుకి దగ్గరగా, కెరటం చివర, రాయి దాదాపు నీటి మట్టానికి వచ్చే చోటొకటి ఉంది. దాన్ని సర్జన్స్ టేబుల్ అంటారు. అక్కడ పడ్డవాళ్ళు ఎవరి దగ్గరికి వెళ్ళాల్సి వస్తుందో ఆ పేరే చెబుతుంది. అక్కడికి దగ్గర్లోనే ది బాక్స్ అనే ఇంకో రీఫ్ ఉంది. అది కుడికి విరుగుతుంది. అక్కడ అల ఎత్తుకంటే మందంతో భయపెడుతుంది. రీఫ్ మీదున్న నీటిని ముందే పీల్చుకుని, ఒక్కసారిగా బోలుగా ముడుచుకుంటుంది. ఉత్తరాన గ్రేస్‌టౌన్ దగ్గర ఒడ్డుకి సుమారు 2 కిలోమీటర్ల దూరంలో కౌ బాంబీ అనే మునిగిన రీఫ్ ఉంది. చిన్న స్వెల్‌కి అది ఉన్నట్టే తెలియదు. చాలా పెద్దది వస్తే తప్ప లేవదు. లేచినప్పుడు చేతులతో ఈది దాన్ని అందుకోవడం చాలా కష్టమని, జెట్ స్కీతో లాగించుకుని వెళ్ళేవాళ్ళు ఎక్కువ.

ఈ రీఫ్‌ల మీద పెరిగిన కుర్రాడే జాక్ రాబిన్సన్. 2022లోనూ, 2024లోనూ తన ఊరి నీళ్ళలోనే ప్రపంచ స్థాయి మార్గరెట్ రివర్ ప్రో గెలిచాడు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో సర్ఫింగ్ పోటీలు తాహితీ దీవిలోని తియాహుపోలో జరిగితే అక్కడ వెండి పతకం తెచ్చుకున్నాడు. అదీ ప్రమాదకరమైన రీఫే. పోటీలో అతన్ని గమనిస్తే ఒక సంగతి కనిపిస్తుంది. ఎక్కువసేపు కూర్చునే ఉంటాడు. వచ్చిన ప్రతి అల మీదకీ ఎగబడడు. దూరంగా చూస్తూ, వదిలేస్తూ, ఒక్కదాని కోసం ఆగుతాడు. ఆ ఓపికలో సగం మనకున్నా చాలు, ఒడ్డున జరిగే చాలా ప్రమాదాలు తప్పుతాయి.

గాలి సంగతి క్లుప్తంగా చెబుతాను. మార్చి నుంచి మే దాకా తెల్లవారుజామున నేల మీద నుంచి తూర్పు గాలి వీస్తుంది. అది అలకి ఎదురు నిలిచి, గోడని నున్నగా నిలబెడుతుంది. సర్ఫర్లకి ఇష్టమైన కాలం అదే. చలికాలంలో వాయవ్య గాలులూ, వానలూ, అన్నిటికంటే పెద్ద అలలూ వస్తాయి. వేసవి మధ్యాహ్నాల్లో దక్షిణపు గాలి లేచి నీటిని చెదరగొడుతుంది. అప్పుడు సర్ఫర్స్ పాయింట్ విండ్ సర్ఫర్లదీ, కైట్ సర్ఫర్లదీ అవుతుంది. ఇక్కడ ఆటుపోట్లు చాలా తక్కువ, తేడా మీటరు లోపే. 

ఇప్పుడు నన్ను ఎక్కువగా కలవరపెట్టే విషయానికి వస్తాను. స్వెల్ ఒకే రీతిగా రాదు. కొద్ది తేడాతో ఉన్న అలల దండులు ఒకదానితో ఒకటి కలిసినప్పుడు నాలుగో అయిదో పెద్ద కెరటాలు వరసగా వస్తాయి. దాన్ని సెట్ అంటారు. తర్వాత అవే ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి. సముద్రం నిద్రపోయినట్టు ఉంటుంది. అలల మధ్య సమయం ఎక్కువగా ఉన్న రోజున ఆ నిశ్శబ్దం పది నిమిషాలు, పావుగంట కూడా ఉండొచ్చు. కారు దిగి వచ్చిన కుటుంబం సరిగ్గా ఆ నిశ్శబ్దంలో వచ్చిందనుకోండి. రాళ్ళ మీదకి దిగుతారు. అంచున నిలబెట్టి ఫొటో తీస్తారు. ఫోనుతో ఫొటో తీసేవాళ్ళు సముద్రానికి ఎదురుగా ఉన్నా తెర మీదే చూస్తుంటారు, నవ్వేవాళ్ళు వీపు తిప్పి ఉంటారు. అప్పుడు సెట్ వస్తుంది. ఇక్కడివాళ్ళు కింగ్ వేవ్ అని బోర్డులు పెట్టేది దాని గురించే. అది ఎక్కణ్ణించో హఠాత్తుగా పుట్టిన అల కాదు. నాలుగు రోజుల నుంచీ వస్తూనే ఉంది. మనం చూసిన పావుగంటలో రాలేదంతే.

2018 డిసెంబరులో న్యూ సౌత్ వేల్స్‌లోని కాఫ్స్ హార్బర్ దగ్గర మూనీ బీచ్‌లో హైదరాబాద్ మూలాలున్న ముగ్గురు మగవాళ్ళు మునిగి చనిపోయారు. 2024 జనవరిలో విక్టోరియాలోని ఫిలిప్ ఐలాండ్‌లో, కాపలా లేని ఫారెస్ట్ కేవ్స్ బీచ్‌లో భారతీయ మూలాలున్న నలుగురు పోయారు. అవి రీఫ్‌లు కావు, బీచ్‌లు. కానీ తెరిపి తీరమే, దూరపు నీళ్ళ బలమే. ప్రతిసారీ మనవాళ్ళ ఇళ్ళలో వినిపించే మాట, వాళ్ళు బాగా చదువుకున్నవాళ్ళు, జాగ్రత్తపరులు అని. నిజమే. చదువు చెప్పని సంగతి ఇది. గోదావరి ఈదినవాడికి కూడా, చెరువులో ఈత నేర్చినవాడికి కూడా, ఇది వేరే నీరు.

మార్గరెట్ రివర్ తీరం వాళ్ళు ఈ నీటిని ఎదిరించి మనుషుల్ని కాపాడిన కథ ఒకటుంది. 1876 డిసెంబరు 1న జార్జెట్ అనే ఆవిరి ఓడ నీళ్ళు కారుతూ, మార్గరెట్ నది ముఖానికి దక్షిణాన కాల్గర్‌డప్ బే దగ్గర మెరక ఎక్కింది. ఒడ్డు కనిపిస్తూనే ఉంది, మధ్యలో విరుగుతున్న కెరటాలు. ఆ ఓడని మొదట చూసినవాడు శామ్ ఐజాక్స్. ఆదివాసీ తల్లి కొడుకు, బసెల్ కుటుంబం దగ్గర పశువుల పని చూసేవాడు. పరుగున వెళ్ళి ఇంట్లో చెప్పాడు. పదహారేళ్ళ గ్రేస్ బసెల్, అతనూ గుర్రాలెక్కి, నిటారుగా ఉన్న కొండ దిగి, గుర్రాలతో సహా కెరటాల్లోకి వెళ్ళారు. జీనుని, గుర్రాలని పట్టుకున్నవాళ్ళని గంటల తరబడి ఒడ్డుకి చేరుస్తూనే ఉన్నారు. దాదాపు 50 మంది బతికారు. రాయల్ హ్యుమేన్ సొసైటీ గ్రేస్‌కి వెండి పతకం, శామ్‌కి కంచు పతకం ఇచ్చింది. గ్రేస్‌టౌన్ ఆమె పేరే. మొదట చూసినవాడికి, ముందు పరిగెత్తినవాడికి రెండో రకం పతకం ఎందుకో ఆ కాలపు ఆస్ట్రేలియాని తెలిసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. నేనైతే ఈ కథ చెప్పినప్పుడల్లా శామ్ పేరే ముందు చెబుతాను.

సర్ఫర్స్ పాయింట్ దగ్గర ఒకసారి ఒక పెద్దావిడతో మాట కలిసింది. ఉప్పాడ నుంచి కొడుకు దగ్గరికి వచ్చారు. చాలాసేపు సముద్రం చూసి, "గాలే లేదు కదా బాబూ, మరీ కెరటాలు ఎక్కణ్ణించి వత్తన్నాయి?" అని అడిగారు.

"ఇక్కడివి కావండి పెద్దమ్మా. మూడు నాలుగు రోజుల కింద, చాలా దూరంలో వీచిన గాలివి" అన్నాను.

"అయితే మా ఊళ్ళోవీ అవేనేమో. ఒక్కోపాలి ఎండ కాత్తానే ఉంటాది, సముద్రం రోడ్డు మీదకొచ్చేత్తది" అన్నారావిడ.

ఆవిడ అడిగింది శాస్త్రవేత్తలు అడిగే ప్రశ్నే. హిందూ మహాసముద్రానికి దక్షిణాన అడ్డు లేదు. మార్గరెట్ రివర్‌కి అలల్ని పంపే తుపాన్లే ఉత్తరానికి కూడా పంపుతాయి. తుపాను కాస్త తూర్పుగా, శ్రీలంక అడ్డం రాని చోట ఉంటే, ఆ స్వెల్ సుమారు 7500 కిలోమీటర్లు దాటి బంగాళాఖాతంలోకి వస్తుంది. 16 సెకన్ల అలకి విశాఖపట్నం చేరడానికి ఇంచుమించు వారం. దారిలో పరుచుకుని, ఎత్తు బాగా తగ్గిపోతుంది. సెకన్లు మాత్రం తగ్గవు. రుతుపవనాలు రాకముందు, స్థానికంగా గాలి నెమ్మదిగా ఉండే నెలల్లో రుషికొండ ఒడ్డున నిలబడి వాచీ చూసుకుంటూ లెక్కపెడితే, చిన్నచిన్న అలల మధ్య ఆ దూరపు ఊపు తెలుస్తుంది. ఉప్పాడ తీరం కోతకి కారణాలు చాలా ఉన్నాయి, అంతా దీని మీద పెట్టలేం. కానీ గాలి లేని రోజున లేచే సముద్రానికి దూర దక్షిణాన పుట్టుక ఉండొచ్చని ఆవిడ ఊహించింది సరైనదే.

కేరళ జాలర్లు దీన్ని కల్లక్కడల్ అంటారు. హెచ్చరిక లేకుండా ఒడ్డు మీదకి పొంగి, ఇళ్ళలోకి వచ్చే సముద్రం. ఇప్పుడు హెచ్చరిక ఉంది. ఆ హెచ్చరిక వెలువడేది సముద్రమే లేని మన హైదరాబాద్ నుంచి. ప్రగతినగర్‌లో ఉన్న ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, 1999లో ఏర్పడింది. 2020 నుంచి దూరపు స్వెల్ వల్ల తీరం పొంగే అవకాశాన్ని ప్రత్యేకంగా ముందే చెబుతోంది. దక్షిణ సముద్రంలో తుపాను లేచిన నాటి నుంచి లెక్కగట్టి, రోజుల ముందే చెప్పగలుగుతున్నారు. 2024 మే మొదటి వారంలోనూ చెప్పారు. ఏప్రిల్ చివర్లో దూర దక్షిణాన లేచిన అలలు వస్తున్నాయని, తీరానికి దూరంగా ఉండమని. మే 6న కన్యాకుమారి జిల్లాలోని లెమూర్ బీచ్‌లో అయిదుగురు వైద్య విద్యార్థులు నీళ్ళ దగ్గరికి వెళ్ళి కొట్టుకుపోయారు. తుపాను లేదు. హెచ్చరిక ఉంది. ఆ రెండిటి మధ్య ఖాళీలో అయిదు ప్రాణాలు పోయాయి. ఈ విషయం తలచుకున్నప్పుడల్లా నాకు కోపం కంటే బాధ ఎక్కువ కలుగుతుంది. అంత కష్టపడి లెక్కగట్టిన ఒక అంకె, అది అవసరమైన మనిషి చెవిన పడలేదు.

అందుకని ఆ అంకెని చెవిన వేసి వెళతాను. మార్గరెట్ రివర్‌కో, ఆల్బనీకో, మరే తెరిపి తీరానికో వెళ్ళే ముందు వాతావరణ శాఖ సముద్ర సూచన చూడండి. హజార్డస్ సర్ఫ్ హెచ్చరిక ఉంటే రాళ్ళ జోలికి పోవద్దు, పైనుంచే చూడండి. హెచ్చరిక లేకపోయినా సెకన్ల అంకె 14 దాటితే నేనైతే నీళ్ళకి దగ్గరగా వెళ్ళను, మావాళ్ళని వెళ్ళనివ్వను. కారు దిగగానే రాళ్ళ మీదకి దిగకండి. ఎత్తున నిలబడి, కనీసం ఇరవై నిమిషాలు ఊరికే చూడండి. ఒక సెట్ వచ్చి వెళ్ళేదాకా ఆగితే నీళ్ళు ఎందాకా వస్తాయో కళ్ళారా తెలుస్తుంది. రాయి తడిసి నల్లగా ఉంటే దాని మీదకి సముద్రం వచ్చిందని అర్థం. మళ్ళీ వస్తుంది. పొడిగా ఉన్నంత మాత్రాన రాదని కాదు. ఈదాలనిపిస్తే ఎరుపు, పసుపు జెండాలు పాతి, లైఫ్ గార్డులు కాపలా ఉన్న బీచ్‌కి వెళ్ళండి, ఆ రెండు జెండాల మధ్యనే దిగండి.

ఎవరైనా పడిపోతే వెంట దూకకండి. కాపాడబోయి పోయినవాళ్ళు కూడా ఉన్నారు. తేలేది ఏదైనా విసరండి. కొన్నిచోట్ల రాళ్ళ దగ్గర గుండ్రటి లైఫ్ బాయ్ ఒక స్తంభానికి తగిలించి ఉంటుంది, అది చాలు. పడిన మనిషి మీద నుంచి చూపు తిప్పకుండా ఉండమని ఒకరికి చెప్పి, ఇంకొకరు అత్యవసర నంబరు 000కి ఫోను చేయండి. పశ్చిమ ఆస్ట్రేలియా బీచ్‌లలో దిగే దారుల దగ్గర ఆకుపచ్చ బోర్డులు ఉంటాయి, వాటి మీద కొన్ని అక్షరాలు, అంకెలు ఉంటాయి. ఆ చోటు పేరు మీకు పలకడం రాకపోయినా ఫరవాలేదు. బోర్డు మీదున్నది చదివితే అంబులెన్సుకీ, హెలికాప్టర్‌కీ మీరెక్కడున్నారో తెలిసిపోతుంది. కారు దిగి సముద్రం వైపు నడిచేటప్పుడే, ఫొటో తీసే ముందే, ఆ బోర్డుని ఒక ఫొటో తీసి పెట్టుకోండి.